ఎంతమందికి ఒక డాక్టరు?

ఒక దేశమందలి వైద్య సౌకర్యమును కొలుచుటకు సాధారణముగా వాడుచున్న కొలబద్ద ఒకటి కలదు. దేశ జనసంఖ్యను డాక్టర్ల సంఖ్యచే భాగించి, ఇంతమందికి ఒక డాక్టరు చొప్పున ఉన్నారని చెప్పుదురు. ఈ లెక్క పత్రికలలోను, శాసనసభలలోను, ప్రణాళికా పత్రములలోను తరచుగా వినవచ్చుచుండును. గ్రామ పంచాయతీ సభ్యులు కూడ దీనిని చక్కగా అర్థము చేసికొనుట అవసరము. ఏలయన, వైద్య కళాశాలలు, ఆసుపత్రులు, ఉద్యోగములు మంజూరు చేయునపుడు ప్రభుత్వములు ఇట్టి లెక్కలనే ఆధారముగా తీసికొనుచుండును. అయితే దేశమంతటికి సరిపోయిన లెక్క తమ గ్రామమునకు సరిపోయినదో లేదో పరీక్షింపవలసినవారు పంచాయతీ సభ్యులే. ఖమ్మము మొదలుకొని భద్రాచలము దాటి వ్యాపించియున్న అడవి సరిహద్దును ఉదాహరణముగా గైకొని ఈ విషయమును విచారింతము.

లెక్క పుట్టిన విధము

స్వాతంత్ర్యమునకు పూర్వము, 1943లో, సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన దేశారోగ్య పరిస్థితులను విచారించుటకు ఒక సంఘము నియమింపబడినది. ఆ సంఘము 1946లో తన నివేదికను సమర్పించినది. అప్పటి అవిభక్త భారతమున రిజిస్టరైన డాక్టర్లు ఇంచుమించు 47,500 మంది. అనగా 6,300 మంది ప్రజలకు ఒక డాక్టరు. నర్సుల పరిస్థితి మరింత శోచనీయము. 43,000 మందికి ఒక నర్సు మాత్రమే ఉండెను. 1971 నాటికి 2,000 మందికి ఒక డాక్టరు ఉండవలెనని ఆ సంఘము లక్ష్యముగా నిర్ణయించినది.

ఆ 47,500 మందిలో దాదాపు 30,000 మంది ఎల్.ఎం.పి. డాక్టర్లు. వీరు పట్టము కాక, తక్కువ కాలముతో ముగియు వైద్య శిక్షణ పొందినవారు. పాత తరమువారికి ఎల్.ఎం.పి. డాక్టరనిన చక్కగా తెలియును. ఇట్టి శిక్షణను నిలిపివేసి, డాక్టర్లందరికిని ఒకే స్థాయి పట్టముండవలెనని భోర్ సంఘము సిఫారసు చేసినది. సభ్యులలో కొందరు దీనికి సమ్మతింపలేదు. దేశమునకు డాక్టర్లు చాలనపుడు తక్కువ కాలపు శిక్షణను కూడ కొనసాగించుట మేలని వారు వాదించిరి. అధిక సంఖ్యాకుల అభిప్రాయమే నెగ్గినది.

కర్నూలులో జన్మించిన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన 1959లో నియమింపబడిన మరియొక సంఘము 1961లో నివేదిక నిచ్చినది. 3,000 మొదలు 3,500 మందికి ఒక డాక్టరైనను ఉండవలెనని ఆ సంఘము కోరినది. ఆ కాలముననే తెలుగునాట వైద్య కళాశాలలు వేగముగా పెరిగినవి. 1957లో కర్నూలునందు, 1958లో కాకినాడయందు, 1959లో వరంగల్లునందు, 1960లో తిరుపతియందు వైద్య కళాశాలలు వెలసినవి.

2022 జూన్ నాటికి దేశమునందు రిజిస్టరైన అల్లోపతి డాక్టర్ల సంఖ్య 13,08,009కి చేరినది. ఆ సంవత్సరము కేంద్ర ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపిన లెక్క ప్రకారము 834 మందికి ఒక డాక్టరు కలరు. 6,300 నుండి 834కు దిగుట సామాన్యమైన విషయము కాదు. ఇంచుమించు ముప్పాతిక శతాబ్దములో సాధింపబడిన గొప్ప అభివృద్ధి యిది. అయినను అడవి గ్రామమున జ్వరముతో పడియున్న బిడ్డకు డాక్టరు దొరకుట దుర్లభముగానే ఉన్నది. ఈ రెండును ఏకకాలమున ఎట్లు సత్యములగును? లెక్కను విప్పి చూచినచో సమాధానము లభించును.

మొదటి లోపము: రిజిస్టరు వేరు, వైద్యము వేరు

డాక్టరు పేరు ఒకసారి రిజిస్టరునకు ఎక్కిన పిదప అది అనేక సంవత్సరము లందుండును. కొందరు వయస్సు మీరి వైద్యము మానుదురు. కొందరు విదేశములకు వెళ్లుదురు. కొందరు పరిపాలనలోను, ఇతర వృత్తులలోను ప్రవేశింతురు. కొందరు మరణించినను పేరు వెంటనే తొలగింపబడదు. అందుచేతనే పైన చెప్పిన లెక్కయందు అల్లోపతి డాక్టర్లలో నూటికి 80 మంది మాత్రమే అందుబాటులో ఉందురని భావింపబడినది. ఆ లెక్కన వారు ఇంచుమించు 10,46,000 మంది. వారికి తోడుగా ఆయుర్వేదము, హోమియో, యునాని మొదలైన విధానములకు చెందిన 5,65,000 మందిని కూడ కలిపిరి. మొత్తము సుమారు 16,11,000. ఇట్లు కలిపినందువలననే 834 అను సంఖ్య వచ్చినది.

ఆయుర్వేదాది విధానములవారిని కలుపక, అల్లోపతి డాక్టర్లను మాత్రమే లెక్కించినచో అదే జనసంఖ్యకు 1,284 మందికి ఒక డాక్టరు వచ్చును. ఏది సరియైన లెక్కయని వాదించుట ఇచ్చట మన ఉద్దేశము కాదు. ఎవరైన ఒక నిష్పత్తిని చెప్పినపుడు, అందులో ఎవరెవరిని కలిపినారని అడుగుట పంచాయతీ సభ్యులు నేర్చుకొనవలసిన మొదటి పాఠము.

రెండవ లోపము: సగటు చేయు మాయ

ఒక చిన్న లెక్కను ఊహింతము. ఒక పట్టణమున 20,000 మంది ప్రజలు, 50 మంది డాక్టర్లు ఉన్నారనుకొనుడు. దాని ప్రక్కనున్న అడవిలో 40 గూడెములందు మరియొక 20,000 మంది ప్రజలు, ఒకే డాక్టరు ఉన్నారనుకొనుడు. రెండింటిని కలిపినచో 40,000 మందికి 51 మంది డాక్టర్లు. అనగా 784 మందికి ఒకరు. దేశపు సగటు కంటెను మేలైన సంఖ్యయే. కాగితము పై ఎవరికిని లోటు కనిపింపదు. కాని పట్టణమున 400 మందికి ఒక డాక్టరుండగా, అడవిలో 20,000 మందికి ఒక్కడే ఉన్నాడు. సగటు చెప్పినది అబద్ధము కాదు. అడవిలోనివారిని గురించి అది ఏమియు చెప్పలేదు.

డాక్టర్లు పట్టణములందే గుమిగూడుదురని భోర్ సంఘము 1946లోనే గుర్తించినది. ఇది మన దేశమునకు మాత్రమే ప్రత్యేకమైన సమస్య కాదు. థాయిలాండు దేశము 1970వ దశకము నుండి వైద్య పట్టభద్రులు కొన్ని సంవత్సరములు ప్రభుత్వ సేవ చేయవలెనను నియమమును అమలు జరిపినది. చైనా దేశము అదే కాలమున గ్రామ యువకులకు కొద్ది నెలల శిక్షణ నిచ్చి, సామాన్య రోగములకు చికిత్స చేయుటకు నియోగించినది. డాక్టర్ల సంఖ్య పెంచినంత మాత్రమున వారు తమంతట పల్లెలకు రారని ఈ దేశములన్నియు గ్రహించినవి.

మూడవ లోపము: దూరము లెక్కలో లేదు

భద్రాచలము గోదావరికి ఎడమ ఒడ్డున నున్నది. పూర్వము తూర్పు గోదావరి జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 1959లో ఖమ్మము జిల్లాయందు చేర్పబడినది. 1965లో గోదావరిపై వంతెన తెరవబడు వరకు ఆవలి ఒడ్డునకు పోవలసిన రోగిని పడవపై దాటింపవలసివచ్చెడిది. 2014లో పోలవరము ముంపునకు సంబంధించిన చింతూరు, కూనవరము, వి.ఆర్. పురము మొదలైన మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. ఇట్లు ఒకే అడవి, ఒకే నది, ఒకే కోయ, కొండరెడ్డి ప్రజలు అనేక పర్యాయములు విభజింపబడిరి.

2011 జనాభా లెక్కల ప్రకారము భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ప్రాంతమున 10,69,261 మంది ఉన్నారు. విస్తీర్ణము 7,483 చదరపు కిలోమీటర్లు. అనగా చదరపు కిలోమీటరునకు 143 మంది. అదే జనాభా లెక్కలలో నాటి తూర్పు గోదావరి జిల్లా సాంద్రత 477. హైదరాబాదు జిల్లా సాంద్రత 18,000కు మించినది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రము మైదాన ప్రాంతమున 30,000 మందికి ఒకటి, గిరిజన, కొండ ప్రాంతములందు 20,000 మందికి ఒకటి ఉండవలెనని ప్రభుత్వ ప్రమాణము. గిరిజన ప్రాంతమునకు సంఖ్యను తగ్గించుట మంచి ఉద్దేశముతో చేసిన పనియే. అయినను దానిని విస్తీర్ణమునకు మార్చి చూడుడు. సాంద్రత 477 ఉన్నచోట 30,000 మంది ఇంచుమించు 63 చదరపు కిలోమీటర్లలో నివసింతురు. సాంద్రత 143 ఉన్నచోట 20,000 మంది 140 చదరపు కిలోమీటర్లలో నివసింతురు. ప్రమాణము తగ్గించిన పిమ్మట కూడ అడవి డాక్టరు మైదానపు డాక్టరు కంటె రెండింతలకు మించిన నేలను చూచుకొనవలసియున్నది. ఇద్దరికిని నేల సమానము కావలెనన్నచో ఇచ్చట 9,000 మందికే ఒక కేంద్రముండవలెను.

ఈ 143 అను సంఖ్యయందు కొత్తగూడెము, పాల్వంచ వంటి పట్టణముల జనము కూడ చేరియున్నది. కావున దట్టమైన అడవిలో జనము మరింత పలుచన. సాంద్రత 50 ఉన్నచోట 20,000 మందికి ఒక కేంద్రము పెట్టినచో దాని పరిధి 400 చదరపు కిలోమీటర్లగును. కేంద్రము సరిగా నడుమనున్నను అంచున నున్న గూడెము 11 కిలోమీటర్ల దూరమున నుండును. ఇది పక్షి ఎగిరిన దూరము. వాగులు చుట్టి, గుట్టలెక్కి, కాలిబాటను పోవువానికి దూరము ఇంకను పెరుగును. వానకాలమున వాగు పొంగిన దినములలో ఆ దూరమునకు కొలతయే లేదు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. అట్టి దినములలో నదీతీర గ్రామములకు డాక్టరు ఉన్నను లేనట్లే.

మరియొక సంగతి. భద్రాచలము ప్రభుత్వ ఆసుపత్రికి తన మండలములవారే కాక, ఛత్తీస్‌గఢ్ అడవులనుండియు, ఒడిశా మల్కనగిరి వైపునుండియు, ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ గ్రామములనుండియు రోగులు వచ్చుచుందురు. రోగి సరిహద్దును చూచి రాడు. దగ్గరనున్న దీపమును చూచి వచ్చును. కావున జిల్లా జనసంఖ్యతో మాత్రమే ఆ ఆసుపత్రి డాక్టర్లను లెక్కించుట న్యాయము కాదు.

కాలమే ప్రాణము

దూరమును గురించి ఇంతగా చెప్పుటకు కారణము కలదు. ఫాల్సిపారమ్ జాతి మలేరియాకు 24 గంటలలోపల చికిత్స జరుగనిచో అది ముదిరి ప్రాణాపాయము కలిగింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. ప్రసవానంతర రక్తస్రావము రెండు మూడు గంటలలోనే తల్లి ప్రాణము తీయగలదు. పాము కాటునకు విరుగుడు మందు ఎంత త్వరగా పడిన అంత మేలు. ఈ మూడును అడవి గ్రామములందు కొత్తవి కావు. గిరిజనారోగ్యమును గురించి డాక్టరు అభయ్ బంగ్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘము 2018లో వెలువరించిన నివేదిక ప్రకారము, దేశ జనాభాలో సుమారు 8 శాతముగా నున్న గిరిజనులు మలేరియా మరణములలో 50 శాతము భారమును మోయుచున్నారు. కావున అడవి గ్రామము అడుగవలసిన ప్రశ్న “ఎంతమందికి ఒక డాక్టరు?” అని మాత్రమే కాదు, “ఎన్ని గంటలలో ఒక డాక్టరు?” అని కూడ.

డాక్టరు ఒంటరి కాడు

ప్రతి గూడెమునకు ఒక డాక్టరును నియమించుట ఏ దేశమునకును సాధ్యము కాలేదు. అందుచేత ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ డాక్టర్లను విడిగా లెక్కింపక, డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు ముగ్గురిని కలిపి లెక్కించుచున్నది. 2006లో 1,000 మందికి 2.28 అనియు, 2016లో 4.45 అనియు ఆ సంస్థ హద్దులు చూపినది.

మనకు పొరుగుననే గొప్ప ఉదాహరణ మొకటి కలదు. ప్రాణహిత, గోదావరి నదుల కావల, మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవి జిల్లాయందు డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు 39 గ్రామములలో గ్రామ స్త్రీలకే శిక్షణ యిచ్చిరి. ఆ స్త్రీలు ఇంటింటికి పోయి పురిటిబిడ్డను తూచుట, వెచ్చగా నుంచుట, ఊపిరి గమనించుట, అంటురోగమునకు మందిచ్చుట నేర్చుకొనిరి. మూడవ సంవత్సరమునకు, ఇట్టి ఏర్పాటు లేని గ్రామములతో పోల్చి చూడగా, నెలలోపు శిశువుల మరణములు 62 శాతము తగ్గినవి. 1999లో ఈ ఫలితములు లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటింపబడినవి. పిదప 2011 నుండి దేశమంతట ఆశా కార్యకర్తలు పురిటిబిడ్డల ఇండ్లకు పోయి చూచు పద్ధతి అమలులోనికి వచ్చినది.

దీనివలన డాక్టరు అక్కరలేదని భావింపరాదు. ఆశా కార్యకర్త జ్వరమును పరీక్షించి మలేరియా మందు ఈయగలదు, రక్తము ఎక్కింపలేదు. ఎ.ఎన్.ఎం. సుఖప్రసవము చేయింపగలదు, శస్త్రచికిత్స చేయజాలదు. క్రింది మెట్టు గట్టిగా నున్నచో పై మెట్టుకు పోవలసిన రోగులు తగ్గుదురు. పోవలసినవారు సకాలమున పోవుదురు.

డాక్టరు నిలుచుటకు ఏమి కావలెను?

2022లో కొత్తగూడెమునందు, 2023లో ఖమ్మమునందు ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. సంతోషింపదగిన విషయము. అయితే వైద్య విద్యకు నాలుగున్నర సంవత్సరములు, హౌస్ సర్జన్ శిక్షణకు ఒక సంవత్సరము పట్టును. 2022లో చేరినవారు చదువు ముగించుకొని వచ్చుట 2028 ప్రాంతమునకే. వారిలో ఎందరు అడవి కేంద్రములకు వత్తురన్నది మనపై కూడ కొంత ఆధారపడియున్నది.

నిలువ యోగ్యమైన ఇల్లు, మంచినీరు, విద్యుత్తు, పిల్లలకు చదువు, రాత్రివేళ భద్రత, తోడుగా ఒక నర్సు — ఇవి లేనిచోట ఎంత సేవాభావము కలవాడైనను చిరకాలము నిలువలేడు. పనిభారము కూడ తక్కువ కాదు. 20,000 మంది సంవత్సరమునకు రెండేసి సార్లు వచ్చినను 40,000 పర్యాయములగును. 300 పనిదినములకు పంచినచో దినమునకు 133 మంది రోగులు. ఆరు గంటలు విరామము లేక చూచినను ఒక్కొక్కరికి మూడు నిమిషములు కూడ దక్కవు. అడవిలో పుట్టి, కోయభాష మాటలాడు యువతీయువకులు డాక్టర్లుగా, నర్సులుగా తయారగుట మరియొక ముఖ్యమైన మార్గము. రోగి మాట అర్థమైన చోట చికిత్సకు సగము దారి తెరచుకొనును. గ్రామమున సైన్సు చదువదగిన బాలబాలికలను గుర్తించి ప్రోత్సహించుట పంచాయతీ చేయదగిన పనియే.

పంచాయతీ చేయవలసిన లెక్క

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. దానివలన చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, డిస్పెన్సరీలతో కూడిన ఆరోగ్య పారిశుద్ధ్యములు 23వ అంశముగా నున్నవి. షెడ్యూల్డు ప్రాంతములకు వర్తించు 1996 నాటి పెసా చట్టము సామాజిక రంగములందలి సంస్థలపైనను, ఉద్యోగులపైనను గ్రామసభకు, పంచాయతీలకు అదుపు ఉండవలెనని చెప్పుచున్నది. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకము క్రింద గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములు ఏర్పడినవి. కావున ఆరోగ్యము ఇతరుల పని యని పంచాయతీ ఊరకుండరాదు.

ప్రతి పంచాయతీ ఒక పుస్తకమునందు ఈ క్రింది విషయములను వ్రాసియుంచుట మంచిది.

1. మన ఆరోగ్య కేంద్రమునకు మంజూరైన పోస్టులెన్ని? అందు భర్తీ అయినవెన్ని? గడచిన నెలలో డాక్టరు హాజరైన దినములెన్ని? ఈ మూడును వేరు వేరు సంఖ్యలు. 20,000 మందికి నియమింపబడిన డాక్టరు మూడు దినములకు రెండు దినములే ఉన్నచో, అది 30,000 మందికి ఒక డాక్టరున్నట్లే.

2. ప్రతి గూడెమునుండి ఉపకేంద్రమునకు, ఆరోగ్య కేంద్రమునకు, శస్త్రచికిత్స జరుగు ఆసుపత్రికి ఎంత కాలము పట్టును? వేసవిలో ఎంత, వానకాలమున ఎంత? కిలోమీటర్లలో కాక గంటలలో వ్రాయవలెను.

3. పాము కాటు మందు, మలేరియా పరీక్షా సామగ్రి, మందులు కేంద్రమున నున్నవా? అవి చల్లగా నుండుటకు విద్యుత్తు ఉన్నదా?

4. వానకాలమున ప్రసవింపవలసిన స్త్రీలెవరు? వాగులు పొంగకమునుపే వారిని ఆసుపత్రి దాపునకు చేర్చు బాధ్యత ఎవరిది?

5. అంబులెన్సు రాలేని గూడెములేవి? అచ్చటినుండి రోడ్డు వరకు రోగిని చేర్చుటకు డోలీ, ట్రాక్టరు, పడవ — ఏది సిద్ధముగా నున్నది? ఎవరిని పిలువవలెను?

ఈ అయిదు ప్రశ్నలకు సమాధానములు వ్రాయుటకు పెద్ద చదువు అక్కరలేదు. వార్డు సభ్యులు తమ తమ గూడెముల సంగతులు తెచ్చినచో ఒక సాయంత్రములో పుస్తకము సిద్ధమగును. ఆశా కార్యకర్తను, ఎ.ఎన్.ఎం.ను సమావేశమునకు పిలిచి, వారి మాట శ్రద్ధతో వినవలెను. మూడు నెలలకొకసారి లెక్కను సరిచూచి, గ్రామసభయందు చదివి వినిపింపవలెను. డాక్టరు లేడని నోటిమాటగా చెప్పుట కంటె, గడచిన నెలలో ఇన్ని దినములు కేంద్రమున డాక్టరు లేడనియు, ఫలానా గూడెమునుండి ఆసుపత్రికి ఇన్ని గంటలు పట్టుచున్నదనియు వ్రాతమూలకముగా చూపిన అర్జీకి బలమెక్కువ. డాక్టరును నిందించుటకు కాక, డాక్టరు పనిచేయగల పరిస్థితిని కల్పించుటకు ఈ పుస్తకము ఉపయోగపడవలెను.

దేశపు లెక్క దేశమునకు అవసరము. అది ఎన్ని కళాశాలలు కావలెనో చెప్పును. అయితే ఏ గూడెము విడువబడినదో అది చెప్పజాలదు. ఆ సంగతి తెలిసినవారు ఆ గూడెమువారును, వారెన్నుకొనిన పంచాయతీ సభ్యులును మాత్రమే. వచ్చు వానకాలమునకు ముందుగానే ప్రతి పంచాయతీయు ఈ లెక్కను పూర్తి చేసికొనవలెను.